మొలవని విత్తనము

"ముట్టుకోకు, పాడైపోతుంది" అను మాట మన యిండ్లలో వినబడినంతగా మరియే మాటయు వినబడదేమో! చిన్ననాట గోడగడియారమునుగూర్చి యీ మాట వింటిమి. తరువాత రేడియోనుగూర్చి, నీళ్ల మోటారునుగూర్చి, టెలివిజనునుగూర్చి వింటిమి. ఇప్పుడు కంప్యూటరునుగూర్చి వినుచున్నాము. వస్తువులు మారినవి గాని మాట మారలేదు. ఆ మాట నెవరితో ననుచున్నామో ఆ మనిషియు మారలేదు. ఇంటి ఆడుపిల్లతోనే యనుచున్నాము.

ముప్పదియేండ్లు బడిపంతులుగా నుండి, స్త్రీవిద్యనుగూర్చి సభలలో గొంతు బొంగురుపోవునట్లు మాటలాడిన మేమును, 2025వ సంవత్సరము డిసెంబరు మాసమున, మా యింట, మా తమ్ముని కుమార్తెతో ఆ మాటనే యంటిమి. అనుటయేకాక పిల్ల చేతిలోని పెన్‌డ్రైవును లాగికొంటిమి. దాని ఫలితము చెప్పుకొనుట మాకు గౌరవము గాదు. అయినను మాబోటి పెద్దలు ప్రతి యింటను నున్నారు గనుక దాచక వ్రాయుచున్నాము.

మాది గుంటూరు జిల్లాలోని ప్రత్తిపాడు. ఊరి పేరులోనే ప్రత్తి యున్నది. నల్లరేగడి చేలలో ప్రత్తితోపాటు మిరపయు నున్నది. మా తమ్ముడు రెండెకరముల సొంత చేనికి నాలుగెకరములు కౌలు కలుపుకొని సేద్యము చేయుచుండెను. 2017లో అతడొక ల్యాప్‌టాపు కొనెను. రైతునకిదేల యని ఊరివారు నవ్విరి. మేమును కొంచెము నవ్వితిమి. అతడు మాత్రము ఆనాటినుండి సేద్యపు లెక్కనంతయు దానియందే యెక్కించెను. విత్తనముల కెంత, పురుగుమందుల కెంత, కూలి యెంత, గుంటూరు మిర్చియార్డులో క్వింటా లే ధరకు తెగినది, ఎవరికడ నెంత బాకీ తెచ్చినది, ఏ తేదీన నెంత తీర్చినది—అన్నియు నందు గలవు. బాకీ తీర్చినపుడు వ్రాయించుకొన్న చీట్లకు సైతము ఫొటోలు తీసి యుంచెను.

2022లో అతడు కాలము చేసెను. కర్మాంతరము ముగియకమునుపే ఇరువురు ఋణదాతలు వచ్చి గుమ్మమున కూర్చుండిరి. మా మరదలు చదువుకొన్నది కాదు. పిల్ల ల్యాప్‌టాపు తెరచి తండ్రి లెక్క చూపగా, ఒకరు మారుమాట లేక లేచిపోయిరి. రెండవవారి తగవు నేటికిని తెగలేదు. కాబట్టి ఆ నల్లని పెట్టె మా యింట కేవలము యంత్రము గాదు. మా మరదలికది భర్త చేతివ్రాతవంటిది, పొలమునకు కాపుదలవంటిది.

ఆ యంత్రములో విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టము నడచుచుండెను. దానికి 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ భద్రతా సవరణలు నిలిచిపోయినవి. పేరు నమోదు చేసికొన్నవారికి మరియొక యేడాది గడువు పొందు మార్గము కల్పింపబడినది గాని గడువు గడువే. విండోస్ 11 పెట్టుదమన్నచో 2017 నాటి ప్రాసెసరు దాని యంగీకారపట్టికలో లేదు. క్రొత్తది కొనుటకు డబ్బు లేదు. మా పిల్ల గుంటూరులో కంప్యూటరు శాస్త్రము ప్రధానాంశముగా బి.యస్సీ. చదువుచున్నది. అది తల్లితో, "ఇందులో డెబియన్ పెడతాను. డబ్బు కట్టనక్కరలేదు, పాత యంత్రాల మీద కూడా బాగా నడుస్తుంది" అని చెప్పెను.

డెబియన్ అనునది 1993లో ఇయన్ మర్డాక్ అనువాడు ప్రారంభించినది. లోకమునందలి యనేకదేశములవారు స్వచ్ఛందముగా పెంచుచున్నది. దాని నడుమనుండు లినక్స్ కెర్నెలును 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్రాయ మొదలిడెను. మన ప్రభుత్వసంస్థయగు సి-డాక్ తయారుచేసిన బాస్ అను వ్యవస్థకును డెబియనే యాధారము. కావున పిల్ల కోరినది వింతకోరిక గాదు.

ఇక్కడ ఒక సంగతి వివరింపవలెను. యంత్రము మీట నొక్కినంతనే ఆపరేటింగ్ సిస్టము దానంతట నది లేవదు. ముందు యంత్రపు పలకలోనే యిమిడియున్న చిన్న కార్యక్రమమొకటి మేల్కొనును. పూర్వము దానిని బయోస్ అనెడివారు. ఇప్పటి యంత్రములలో యూఈఎఫ్ఐ అనునది దాని స్థానమున నున్నది. అది డిస్కునో పెన్‌డ్రైవునో వెదకి, అందు లేపువాడెవడైన నున్నాడా యని చూచును. ఆ లేపువాడు కెర్నెలును లేపును. కెర్నెలు తక్కినవానిని లేపును. ఇంగ్లీషువారు దీనికి బూటింగ్ అని పేరు పెట్టుటయు వింతగనే యున్నది: తన జోళ్ల పట్టీలు తానే పట్టుకొని తన్ను తాను పైకెత్తుకొనుట యని దాని మూలభావము. ఈ వరుసలో నెవడు లేవకున్నను చూచువారికి కనబడునది ఒక్కటే—నల్లని తెర. ఆ తెర చూచి "పాడైనది" అనుట సులభము. ఎక్కడ ఆగినదో కనుగొనుటయే కష్టము.

పిల్ల గుంటూరులో కంప్యూటరులు బాగుచేయు నొకాయన నడుగగా, ఆయన యెప్పుడో దింపియుంచిన డెబియన్ ఫైలును పిల్ల పెన్‌డ్రైవులో వేసి యిచ్చెను. ఇంటికి తెచ్చి పెట్టగా యంత్రము దానివంక చూడనైన చూడలేదు. పిల్ల ఒక నోటుపుస్తకము తెరచి తేదీ వేసి, "ఒకటవ ప్రయత్నము" అని వ్రాసికొనెను. ఆ రాత్రి చదివి తెలిసికొన్న దేమనగా, ఆ ఫైలును ఫైలుగానే నింపిన లాభము లేదు. దాని లోపలి యమరిక యంతయు పెన్‌డ్రైవుమీద పరచవలెను. అట్లు పరచుటకు వేరు సాధనము లున్నవి. లేనిచో యూఈఎఫ్ఐకి లేపువాడు కనబడడు. విత్తనపు సంచి మూతి విప్పక సంచినే సాలులో పూడ్చి మొలకకై కాచుకొనుట యెట్టిదో యిదియు నట్టిదే.

రెండవ ప్రయత్నమున ఆ ప్రకారము చేసినను యంత్రము నేరుగా విండోస్‌నకే పోయెను. విండోస్‌లో వేగముగా లేచుట కొక యేర్పాటున్నది. మనము ఆపివేసితిమనుకొన్నను యంత్రము తన మూలభాగపు స్థితిని డిస్కులో దాచుకొని, మరల దానినే తెచ్చుకొనును. ఆ తొందరలో మనము నొక్కు మీట దానికి వినబడకపోవచ్చును. ఆపి తెరచుటకు బదులు రీస్టార్టు చేసినచో పూర్తిగా నిద్రపోయి లేచును. పిల్ల అట్లు చేయగా మూడవమారు పట్టిక కనబడినది. పట్టికలో పెన్‌డ్రైవు పేరు నున్నది. దానిని ఎంచగా తెరమీద నేదో యక్షరములు మెరసి, రెండుమూడు క్షణములలో యంత్రమే ఆరిపోయినది. మరల చేసిన మరల నంతే.

సరిగా ఆ సమయమున మేము లోపలికి పోతిమి. అప్పుడే ప్రత్తి రెండవ తీత నడచుచుండెను, ఇంటినిండ పనులు. "ఇంతసేపటినుండి దీనితో నేమి చేయుచున్నావు? ముట్టుకొనకు, పాడగును. సంక్రాంతికి అన్నయ్య హైదరాబాదునుండి వచ్చును, వాడు చూచును" అంటిమి. పిల్ల మాటాడలేదు. మేము పెన్‌డ్రైవును లాగికొని, బాగుచేయు పెద్దమనిషికి ఫోను చేసితిమి. ఆయన యేమియు నడుగక, "సెక్యూర్ బూట్ అని ఉంటుంది, తీసేయండి, సరిపోతుంది" అనెను. పిల్ల "పెదనాన్నా, కొంచెం ఆగండి, అది తీస్తే ఏమవుతుందో చదివి చెబుతాను" అనెను. పంతులుద్యోగము చేసినవానికి చదివి చెప్పెదననుట మాకు రుచింపలేదు. మా చేతితోనే తీసివేసితిమి.

తీసివేసిన తరువాత నొక్కవలసిన మీట నొక్కుట మరచితిమి. యంత్రము విండోస్‌వైపునకు పోయెను. పోయి, నీలిరంగు తెరపై బిట్‌లాకర్ పేరు చూపి, నలుబదియెనిమిది అంకెల తాళపుసంఖ్య చెప్పుమనెను. ఆ డిస్కునందలి దంతయు గూఢలిపిలో నున్నదని అప్పటివరకు మాకు తెలియదు. అట్టి యంత్రము లేచు మార్గమున నేదేని మారినచో, దొంగ యెవడో చేయి పెట్టెనేమో యని సందేహించి తాళపుసంఖ్య యడుగును. ఆ సంఖ్య సాధారణముగా యజమాని ఖాతాలో దాచబడియుండును. ఆ ఖాతా మా తమ్మునిది. దాని సంకేతపదము అతనితోనే పోయినది. ఆ ఖాతాకు ముడిపెట్టిన ఫోను నంబరును మూడేండ్లక్రిందటనే రద్దయినది.

మా మరదలు వాకిట ప్రత్తి తూకము వేయించుచుండి, మా మొగము చూచి లోపలికి వచ్చినది. తెర చూచినది; చదువలేదు గాని గ్రహించినది. "బావగారూ, బాకీల లెక్క పోయిందా?" అని మాత్ర మడిగినది. మేము ముప్పదియేండ్లలో వేలకొలది ప్రశ్నలకు సమాధానములు చెప్పితిమి గాని, ఆ ప్రశ్నకు నోరు రాలేదు.

అప్పుడు పిల్ల ముందునకు వచ్చి, "మీరు మార్చింది ఒక్కటే కదా పెదనాన్నా. దాన్ని ముందు ఎట్లా ఉందో అట్లా పెట్టేద్దాం" అనెను. అది తన నోటుపుస్తకమున నమరికల పుట మొత్తము ముందే వ్రాసియుంచినది. ఏది తెరచియున్నదో, ఏది మూసియున్నదో, ఒక్కటియు విడువలేదు. దానిని చూచి సెక్యూర్ బూట్‌ను మరల యథాస్థితికి తెచ్చెను. యంత్రము లేచినది, తాళపుసంఖ్య యడుగలేదు. మార్పు తొలగిపోగా సందేహమును తొలగిపోయినది. తమ్ముని లెక్కల పుస్తకము తెరమీద కనబడువరకు మేము కూర్చుండలేదు.

అప్పుడు పిల్ల చేసిన పని యీ వ్యాసము చదువు ప్రతివారును జ్ఞాపకముంచుకొనదగినది. యంత్రము తెరచియుండగానే ఆ నలుబదియెనిమిది అంకెలను చూచుటకు వీలున్నది. వానిని రెండు కాగితములమీద వ్రాసి, ఒకటి బీరువాలో పెట్టెను, ఒకటి మా చేతికిచ్చెను. తరువాత తండ్రి ఫైళ్లన్నిటికి నకళ్లు రెండు తీసి, వేరువేరు డిస్కులలో పెట్టి, ఒక్కొక్కటి తెరచి చూచుకొనెను. నకలు తీయుట సగము పని. అది తెరచుకొనునో లేదో చూచుట రెండవ సగము. ఈ రెండును ముగియకుండ ఆపరేటింగ్ సిస్టము జోలికి పోవువాడు, ఎడ్లను విప్పకుండ బండి ఇరుసు తీయువానివంటివాడు.

లెక్కలు భద్రమయినవి గాని పెన్‌డ్రైవు మొలవలేదు. ఆ రాత్రి భోజనములవేళ తప్పెక్కడ నున్నదని వాదము వచ్చినది. యంత్రము పాతదని మేమంటిమి. బాగుచేయువానిచేత డిస్కు మార్పింపవలెనేమో యనియు నంటిమి. మా మరదలు మజ్జిగ పోయుచు, "ఇత్తనం మొలవకపోతే ముందు చేనును తిడతామా బావగారూ? నాలుగు గింజలు తడిగుడ్డలో కట్టి చూస్తాం. ఇంకొకళ్ల చేలో నాలుగు వేసి చూస్తాం. అక్కడా మొలవకపోతే తప్పు ఇత్తనానిది, చేనుది కాదు" అనెను.

ఈ ప్రాంతమున నకిలీ విత్తనములతో చేతులు కాల్చుకొనని రైతుకుటుంబ మరుదు. ఆమెకా బుద్ధి పుస్తకమువలన వచ్చినది గాదు, నష్టమువలన వచ్చినది. కాని ఏ శాస్త్రజ్ఞుడైనను చెప్పునది యిదియే గదా! రెండింటిలో తప్పెక్కడో తెలియనపుడు ఒకదానిని కదపక రెండవదానిని మార్చి చూడవలెను. రెంటినొక్కసారి మార్చినచో, పని జరిగినను కారణము తెలియదు, జరుగకున్నను తెలియదు. మేము బడిలో త్రాసును, స్ప్రింగును చూపి చెప్పిన పాఠమును మా మరదలు మజ్జిగ పోయుచు మాకు మరల చెప్పినది.

మరునాడు పిల్ల పొరుగింటివారి యనుమతితో పెన్‌డ్రైవును వారి ల్యాప్‌టాపునకు పెట్టి చూచెను. ఊరక లేపి చూచినంతమాత్రమున ఆ యంత్రపు డిస్కునకు హాని లేదు. అచ్చటను అక్షరములు మెరసినవి, యంత్ర మారిపోయినది. చేను నిర్దోషి, విత్తనమే దోషి. ఈమారు పిల్ల మరియొక యుపాయము పన్నెను. ఆ యక్షరములు కంటికందక పోవుచున్నవి గదా. ఫోనుతో ఆ తెరను వీడియో తీసి, మెరుపు వచ్చిన క్షణమున నిలిపి, పెద్దది చేసి చదివెను. షిమ్ అనుదాని వివరముల పరీక్ష తప్పినదనియు, భద్రతానియమము ఉల్లంఘింపబడినదనియు, ఏదియో పెద్ద పొరపాటు జరిగినదనియు నందున్నది. యంత్రము మొదటినుండియు తన బాధ తాను చెప్పుచునే యున్నది, వినువారు లేకపోయిరి.

ఆ మాటల కర్థమిది. సెక్యూర్ బూట్ అనునది కావలివాడు. లేచుటకు వచ్చిన ప్రతి కార్యక్రమముమీదను నమ్మదగిన ముద్ర యున్నదా యని చూచును. డెబియన్ వంటివానికొరకు షిమ్ అను చిన్న కార్యక్రమము ముద్ర వేయించుకొని ముందు నడచును. 2019లో వెలువడిన డెబియన్ పదవ కూర్పునుండి యీ యేర్పాటున్నది. అయితే 2020వ సంవత్సరమునుండి ఇట్టి లేపు కార్యక్రమములలో కొన్ని లోపములు బయటపడినవి. లోపముగల ప్రతిదాని పేరును నిషేధపట్టికలో వ్రాయబూనిన, కావలివాని చిన్న పుస్తకము చాలదు. అందుచే తరముల లెక్క యేర్పరచిరి: ఈ తరమునకు ముందువి చెల్లవు, అంతే. 2024 ఆగస్టులో విండోస్ సవరణలతోపాటు అట్టి యాజ్ఞ యొకటి యనేక యంత్రములకు చేరినది. మా పిల్లకు దొరికిన ఫైలు 2021 నాటిది. 2016 నవంబరులో రద్దయిన వేయిరూపాయల నోటుమీది ముద్ర దొంగముద్రయా? కాదు, నోటు నిజమైనదే, చెల్లుబాటు పోయినది. ఇదియు నట్లే. కావలివాడు తన పని తాను చేసినాడు. మేము కాలము చెల్లిన విత్తనము పట్టుకొని, కావలివానినే తీసివేయబోయితిమి!

ఆ పెద్దమనిషి చెప్పినట్లు కావలిని తీసి, మీట మరువకుండినచో ఆ పాతది బహుశః లేచియే యుండును. కాని కారణ మెరుగక ఫలము పొందుట యెట్టిదో, మేము నీలితెర చూచిననాడే తెలిసికొంటిమి.

తక్కిన కథ చిన్నది. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ పదుమూడవ కూర్పును పిల్ల దాని సొంత స్థానమునుండి దింపెను. ఈమారు విత్తనపరీక్ష ముందే చేసెను. అట్టి ఫైలుతోపాటు దాని వ్రేలిముద్రవంటి యరువదినాలుగు అక్షరముల సంఖ్యను ప్రకటింతురు. మన యింటికి చేరిన ఫైలునుండి అదే లెక్క కట్టి, రెండును సరిపోల్చవలెను. మార్గమధ్యమున నొక్క బిందువు చెడినను సంఖ్య మొత్తము మారిపోవును. తల్లి యెదుట కూర్చుండగా కూతురు అక్షరము తరువాత అక్షరము చదివెను. మేము పెన్సిలుతో గీటులు పెట్టితిమి. అరువదినాలుగును సరిపోయినవి. పెన్‌డ్రైవుమీద పరచి, రీస్టార్టు చేసి, మీట నొక్కెను. సెక్యూర్ బూట్ తెరచియుండగనే యంత్రము లేచినది.

మొదట భాష యేదని యడుగు పట్టిక వచ్చినది. అందు మన తెలుగును గలదు. పిల్ల దానిని ఎంచగా ఆ తరువాతి ప్రశ్నలు తెలుగులో కనబడినవి. మా మరదలికి చదువు రాదు గాని, బస్సులమీది పేర్లు చూచి చూచి మన యక్షరముల రూపు తెలియును. "మన అక్షరాలే!" అని తెర దగ్గరకు వంగినది. ఎచ్చటనో కూర్చుండి, ప్రతిఫల మాశింపక, ఆ వాక్యములను తెలుగుచేసినవారికి ఆ క్షణమున మేము మనసులో నమస్కరించితిమి. డిస్కును తుడిచివేయుదునా యని యంత్ర మడిగినపుడు పిల్ల మావంక చూడలేదు, తల్లివంక చూచినది. తల్లి బీరువావైపొకసారి చూచి, "కానీ" అన్నది.

సంక్రాంతికి హైదరాబాదునుండి కుమారుడు వచ్చెను. అతడు చూడవలసిన దేమియు మిగులలేదు. ల్యాప్‌టాపులో మా తమ్ముని లెక్క యెప్పటివలెనే యున్నది; చివరి పంక్తి క్రింద ఈయేటి ప్రత్తి తీతల లెక్కను కూతురు చేర్చుచున్నది. రెండవ ఋణదాతతో తగవు పెద్దలయెదుటికి వచ్చినపుడు చూపవలసిన చీట్ల ఫొటోలను తేదీలవారీగా పేర్చియుంచినది. ఆ నోటుపుస్తకమును ఇప్పుడు పొరుగిండ్ల పిల్లలు అడిగి తీసికొనిపోవుచున్నారు. దాని మొదటి పుటలో, తెలుగున, ఇట్లు వ్రాసియున్నది: ముందు నకలు తీయుము; ఒక్కసారికి ఒక్కటే మార్చుము; మార్చకముందు ఎట్లున్నదో వ్రాసికొనుము; యంత్రము చెప్పినది పూర్తిగా చదువుము.

నాలుగు మాటలే. ఇందొక్కటియు కంప్యూటరుకొరకే పుట్టినది గాదు. అయినను మా యింట వానిని నేర్చినది ఆడుపిల్ల, నిరూపించినది చదువురాని తల్లి, ఉల్లంఘించినది పంతులు. మా యిండ్లలో పాడైపోవునవి యంత్రములు గావు. "ముట్టుకోకు" అనిపించుకొని అనిపించుకొని పాడగు చేతులే. మేము పెన్‌డ్రైవును పిల్లకు తిరిగి యిచ్చివేసితిమి. అప్పుడప్పుడు మా ఫోను పనిచేయనిచో నోటుపుస్తకము పట్టుకొని దానియొద్దకే పోవుచున్నాము. అది మొదట నడుగునది ఎప్పుడును ఒకే ప్రశ్న: "పెదనాన్నా, తెరమీద ఏం రాసి ఉంది?" చదివి చెప్పుట మేమును నేర్చుకొనుచున్నాము.